ఆకుపచ్చ చుక్క

మా బావ, అంటే మా అక్క మొగుడు, డబ్బులేస్తే సరుకు బయటికొచ్చే మెషీన్లలో కూల్‌డ్రింకు డబ్బాలు నింపుతాడు. ఆసుపత్రి, బస్టాండు, కూతురు చదివే స్కూలు, అన్నీ ఆయన వ్యాను తిరిగే చోట్లే. తను నింపిన డబ్బా ఏదో ఇట్టే తెలియాలని ప్రతిదాని అడుగునా మార్కరుతో ఆకుపచ్చ చుక్క పెడతాడు. కంపెనీ చెప్పింది కాదు, తన సొంత పద్ధతి. మెషీన్‌లో ఒక్క వరస ఖాళీగా కనిపించినా ఆ పూట ఆయనకు ముద్ద దిగదు. అంత చాదస్తం.

నేనూ వాళ్ల దగ్గరే ఉంటున్నాను కాబట్టి చెబుతున్నా, ఆ చాదస్తంలో పావు వంతు ఇంట్లో చూపిస్తే నాకింత మంట ఉండేది కాదు. పిల్లకు పదిహేనేళ్లు. మూడు నెలలుగా సరైన నిద్ర లేదు. తెల్లవారేసరికి కళ్లు ఉబ్బిపోయి, గుండె దడదడలాడుతోందంటూ కూర్చుంటుంది. దువ్వెన కనబడకపోతే ఏడుపు. పలకరిస్తే కస్సుమంటుంది. ఒకరోజు మా అక్క మీదికి పళ్లెం విసిరి, మళ్లీ తనే వెక్కి వెక్కి ఏడ్చింది. బావ మాత్రం అంతా ఫోను మహిమేనని తేల్చేసి, దాన్ని లాక్కుని వ్యానులో పెట్టి తాళం వేశాడు.

"ఫోను తీసుకుని మూడు వారాలైంది. నిద్ర వచ్చిందా బావా?" అని అడిగాను.

"నువ్వే దాన్ని గారం చేసి పాడు చేస్తున్నావు," అని నా మీదే ఎగిరాడు. ఆయనకు చెప్పడమూ గోడకు చెప్పడమూ ఒకటే.

ఆదివారం పొద్దున పిల్ల మంచం కింద ఊడుస్తుంటే చీపురుకి ఏదో తగిలి గలగలమంది. పదకొండు ఖాళీ ఎనర్జీ డ్రింకు డబ్బాలు. ఒకటి తిరగేశాను. ఆకుపచ్చ చుక్క. ఒళ్లు మండిపోయింది. పదకొండూ తెచ్చి బావ తింటున్న ప్లేటు చుట్టూ పేర్చాను.

ఆయన ఒక్కొక్కటే తిరగేసి చూశాడు.

"క్లాసులో కళ్లు మూతలు పడుతుంటే తాగుతున్నా," అంది పిల్ల. "తాగితే రాత్రి నిద్ర రాదు. నిద్ర లేకపోతే పొద్దున మళ్లీ తాగాలి. మా స్కూల్లో నీ మెషీన్ ఎప్పుడూ ఫుల్లే కదా నాన్నా."

నెల కిందట, స్కూల్లో ఆ డబ్బాలు రెండు రోజులకే అయిపోతున్నాయని, అందుకే ఇంకో వరస పెంచానని ఆయన ఇదే భోజనాల బల్ల దగ్గర గొప్పగా చెప్పాడు. ఎవరు తాగుతున్నారని ఆయనా ఆలోచించలేదు, నేనూ అడగలేదు.

సోమవారం వెళ్లి అవన్నీ తీసేసి మంచినీళ్ల సీసాలు పెట్టొచ్చాడు. బుధవారానికల్లా కంపెనీ ఆ స్కూలును ఇంకొకడికి అప్పగించింది. ఒకప్పుడు బావే పని నేర్పించిన మనిషి. ఆ డబ్బాలు మాత్రం పెట్టొద్దని బావ ఫోన్లో ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు.

శుక్రవారం పిల్ల స్కూలు నుంచి వచ్చి, సంచిలోంచి మూత తీయని డబ్బా తీసి తండ్రి చేతిలో పెట్టింది.

"కొన్నాను నాన్నా. తాగలేదు. కానీ తాగాలని ప్రాణం లాగేస్తోంది. నువ్వే తీసేసుకో."

అలవాటు కొద్దీ బావ దాన్ని తిరగేశాడు. అడుగున సరిగ్గా మధ్యలో ఎర్ర చుక్క.

"ఎంత నీటుగా పెట్టాడో చూడు. నేను నేర్పిందే," అని కూలబడి ఏడ్చాడు.