సగం వాన

ఆ అర్హతల జాబితా తయారుచేసిన మహానుభావులెవరో గానీ, మనుషుల్ని చూసి రాసినట్టు లేదు. వాతావరణ మార్పుల మీద పీజీ చెయ్యాలంటే డిగ్రీలో లెక్కలు చదివి ఉండాలట. అవి లేనివాళ్ళకి వాతావరణ కేంద్రంలో పదేళ్ళ అనుభవం కావాలట, అదీ పైఅధికారి సంతకంతో. సిఫారసు ఉత్తరాలు రెండు. సొంతంగా తీసిన కొలతలతో పన్నెండు పేజీల పరిశోధన వ్యాసం. ఇవన్నీ ఎలాగో పోగేసుకున్నాక చివర్లో చిన్న అక్షరాలతో ఇంకో మాట: వయసు నలభై దాటకూడదు. మన మిల్లీమీటరమ్మకి ఇంకో రెండు నెలల్లో నలభై నిండుతాయి. అంటే ఈ ఏడు సీటు వస్తే వచ్చినట్టు, లేకపోతే ఆ తలుపు మూసుకున్నట్టే.

మిల్లీమీటరమ్మ అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. కొండ కింద వాన కొలిచే కేంద్రంలో పద్నాలుగేళ్ళుగా ఆవిడ పని ఒకటే. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి పెరట్లో ఉన్న వాన గొట్టం విప్పి, లోపలి సీసాలో చేరిన నీళ్ళని గీతల గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో రిజిస్టరులో రాయాలి. జ్వరమైనా సరే, ఎనిమిదిన్నర అంటే ఎనిమిదిన్నరే. సొంత పెళ్ళినాడు కూడా గ్లాసు చూసి వచ్చాకే ముస్తాబుకి కూర్చుందని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. ఆ పెళ్ళికొడుకు మూడేళ్ళు కాపురం చేసి, ఇక ఆ గ్లాసుతోనే ఉండు అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆవిడ అలాగే ఉంది.

ఆవిడ డిగ్రీలో చదివింది చరిత్ర. లెక్కల్లేవు, డబ్బున్న చుట్టాల్లేరు, తెలిసిన పెద్దల్లేరు. ఉన్నవల్లా పద్నాలుగు రిజిస్టర్లు. వాటి నకళ్ళు ఏడాదికోసారి పెద్దాఫీసుకి పంపితే అక్కడ బీరువాలో పెట్టి తాళం వేస్తారు, అంతే సంగతి. "నేను రాసింది ఒక్కడైనా చదువుతాడా, నమ్ముతాడా? నేను చచ్చాకైనా?" అని తమ్ముడి దగ్గర ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కలేదు. ఆ చదువు కావాలనుకున్నది అందుకే.

ఆ రిజిస్టర్లలోనే ఆవిడకి ఒక విషయం దొరికింది. ఆరేళ్ళుగా కొండకి ఇవతలి వైపు వాన సగానికి సగం పడిపోయింది. అవతలి వైపు కేంద్రం లెక్కల్లో మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఎందుకిలా అయిందో కనిపెట్టిన నాథుడు లేడు. ఆ సంగతే వ్యాసంగా రాస్తే, మూడుసార్లు దరఖాస్తు తిప్పికొట్టిన విశ్వవిద్యాలయం ఈసారి ఇంటర్వ్యూకి రమ్మంది.

ఆ సగం వాన మాట మొట్టమొదట నమ్మినవాడు ఆవిడ తమ్ముడే. కొండ వాలులో అతనికి నాలుగు వందల నిమ్మచెట్లుండేవి. "అక్కా, నాకు మాత్రం వాన ఎప్పటిలాగే పడుతున్నట్టుందే. మొన్న కాలవ గట్టు కూడా తెగింది కదా," అని గొణిగేవాడు. "నీ కళ్ళని నమ్మాలా, నా గ్లాసుని నమ్మాలా?" అని కసిరేది ఆవిడ. రెండేళ్ళపాటు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఇంకో పదేళ్ళకి అక్కడ గడ్డి కూడా మొలవదు, ఇప్పుడే అమ్ముకుని బయటపడరా అంది. చివరికి అతను చెట్లు కొట్టేయించి, నేల ఇటుకల బట్టీ వాడికి అమ్మి, సామాన్లు మోసే వ్యాను కొనుక్కున్నాడు. ఆ బట్టీ ముందు నుంచి వెళ్ళేటప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకుంటాడు. పొగ పడదు కాబోలు అనుకునేది ఆవిడ.

ఇంటర్వ్యూ మధ్యాహ్నం రెండింటికి. ఆ పొద్దున్న వాన వెలిసింది. ఎనిమిదిన్నరకి గ్లాసు చూస్తే పదకొండు మిల్లీమీటర్లు. రాసేసి, అనుభవం సర్టిఫికెట్టు ముందేసుకుని కూర్చుంది. అన్నీ నింపింది గానీ పన్నెండో గడి మిగిలింది. వాడిన పరికరాలు, వాటి మీది అంకెలు రాయాలట. ఇదొక చాదస్తం అనుకుంటూ పెరట్లోకి వెళ్ళి చూసింది. గొట్టం మూతి అంచు మీద 100 అని చెక్కి ఉంది. గ్లాసు తిరగేసింది. అడుగున 200 అని ఉంది.

రాయబోయి ఆగింది. బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునే గాజు ముక్క కనబడింది. అది పాత గ్లాసు అడుగు. ఆరేళ్ళ క్రితం తడి మెట్ల మీద జారిపడితే పగిలింది. అప్పుడు స్టోరు గదిలో దొరికిన ఇంకో గ్లాసు తెచ్చి వాడకంలో పెట్టింది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి, అడుగు ఎవరు చూస్తారు? ఇప్పుడా ముక్క తిప్పి చూసింది. 100.

ఉద్యోగంలో చేరిన మొదటిరోజు చెప్పిన పాఠం అది: గొట్టం మూతి మీద దాని వైశాల్యం అంకె ఉంటుంది, గ్లాసు అడుగునా అదే అంకె ఉండాలి. చిన్నమూతి గొట్టంలో పడ్డ నీళ్ళు పెద్దమూతి గొట్టం గ్లాసులో పోస్తే సగమే చూపిస్తుంది. ఆరేళ్ళ అంకెల్నీ గబగబా రెట్టింపు చేసి చూసింది. వెనకటి ఏళ్ళతో సరిగ్గా సరిపోయాయి. వాన తగ్గలేదు. కొండకి ఏ రోగమూ లేదు. ఓరి దేవుడా, ఆరేళ్ళుగా ఈ ముక్క తన చేతికిందే ఉంది!

సూపరింటెండెంటు గారి గదిలోకి పరిగెత్తింది. ఆయన అంతా విని, తలుపు దగ్గరగా వేసి వచ్చారు. "చూడు తల్లీ, ఆ పన్నెండో గడిలో గ్లాసుకి కూడా వందే రాసెయ్యి. ఎవడొచ్చి తిరగేస్తాడు? సీటు చేతికొచ్చాక తీరిగ్గా సరిదిద్దుకో," అన్నారు. ఆవిడ వంద రాసింది. ఆయన సంతకం పెట్టారు.

తమ్ముడు వ్యాను తెచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు, ఇంటర్వ్యూ తనకే అన్నట్టు. దారిపొడుగునా వాగుతూనే ఉన్నాడు. "సీటొచ్చాక నాతో మాట్లాడతావా, లేక అపాయింట్‌మెంటు తీసుకోవాలా?" అన్నాడు. ఆవిడకి నవ్వు రాలేదు. భయపడుతోంది పాపం అనుకున్నాడు అతను.

లోపల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్ద మేడమ్ చేతిలో ఆవిడ వ్యాసం ఉంది, పేజీ పేజీకీ పెన్సిలు గీతలతో.

"రెండుసార్లు చదివానండీ," అంది మేడమ్. "అందరూ ఎక్కడెక్కడివో అంకెలు తెచ్చి అతికిస్తారు. మీరు స్వయంగా కొలిచారు. ఇలాంటి మనిషి కోసమే చూస్తున్నాం."

పద్నాలుగేళ్ళకి ఒక మనిషి తన అంకెలు చదివింది. ఎన్నేళ్ళుగా వినాలనుకున్న మాటో అది. నోరు మూసుకుంటే చాలు, ఇంకో పది నిమిషాలు మూసుకుంటే చాలు అని తనకి తనే చెప్పుకుంది.

"మీ వైపు రైతులు ఇంకా తోటలు పెడుతున్నారట. మానెయ్యమని గట్టిగా చెప్పాలి," అంది మేడమ్. "మీరు చెబితే వింటారు."

"విన్నాడండీ," అంది ఆవిడ.

"ఎవరు?"

"మా తమ్ముడు."

ఇక ఆగలేదు. గ్లాసు, గొట్టం, పగిలిన ముక్క, పన్నెండో గడిలో రాసిన అబద్ధం అన్నీ కక్కేసింది. ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. మేడమ్ వ్యాసాన్ని నెమ్మదిగా మూసింది. "చెప్పి మంచి పని చేశారు. కానీ వ్యాసం లేకుండా దరఖాస్తు నిలవదండీ. కొత్తది రాసుకుని వచ్చే ఏడాది..."

"వచ్చే ఏడాదికి నాకు నలభై దాటిపోతాయండీ."

మేడమ్ దరఖాస్తులో పుట్టినతేదీ చూసింది. దాన్ని మూసిన వ్యాసం మీద పెట్టింది.

బయట తమ్ముడు వ్యాను తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. "వచ్చిందా?"

ఆవిడ ఎక్కి కూర్చుంది. సీటు పోయిన సంగతి ఒక్క ముక్కలో చెప్పేసింది. మిగతాది చెప్పడానికే ప్రాణం పోయినంత పనయింది. అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అంతా విన్నాడు.

"నాకు తెలుసక్కా," అన్నాడు చివరికి.

"ఏం తెలుసు?"

"వాన తగ్గలేదని. రోజూ అందులో తడిసింది నేనే కదా."

"మరెందుకు నరికావురా? నీ గ్లాసు పాడుగాను, అవతలికి పో అని తిట్టలేకపోయావా?" ఆవిడ అతని భుజం పట్టుకుని కుదిపేసింది. గుండెలు బాదుకుని ఏడ్చింది.

అతను వ్యాను తాళం తిప్పాడు. "నువ్వు రాసింది ఒక్కడూ నమ్మడని ఏడ్చేదానివి," అన్నాడు. "నేను కూడా నమ్మకపోతే ఎలా అక్కా?"

వ్యాను కదిలింది. కొండ మలుపు తిరగ్గానే ఇటుకల బట్టీ వచ్చింది. పొద్దుటి వానకి బట్టీ ఆరిపోయి ఉంది, పొగ లేదు. అయినా తమ్ముడు మొహం పక్కకి తిప్పుకున్నాడు.