జడ కూడా కనిపించాలని

నిన్న నా బిడ్డ డ్రాయింగ్ క్లాసులో తన బొమ్మ తనే వేసుకుని తెచ్చింది. కళ్లు రెండూ ఎదురుగా చూస్తున్నాయి, ముక్కు మాత్రం పక్కకు తిరిగి ఉంది.

"గిదేం బొమ్మ బిడ్డా?" అన్నాను.

"క్యూబిజం అమ్మా. ఒక్క బొమ్మల అన్ని దిక్కులు కనవడాల్నని మేడమ్ చెప్పింది."

ఇలాంటిది ఎక్కడో చూశాననిపించింది. చూడటమేమిటి, కోరుట్లలో మూడో తరగతప్పుడు నేనే వేశాను!

చుట్టూ ఎర్ర, నీలం గీతలుండే ఎయిర్‌మెయిల్ కవర్లు గుర్తున్నాయా మీకు? దుబాయిలో ఉన్న మా నాన్నకు, అంటే మా బాపుకు, వాటిలోనే ఉత్తరాలు పంపేవాళ్లం. "బిడ్డ ఎంతెత్తయింది?" అని ప్రతిసారీ రాసేవాడు. ఫోటో దిగుదామంటే బీడీలు చుట్టే అమ్మకు తీరికేదీ? అందుకే నన్ను నేనే గీశాను. ఊడిన పన్ను కనిపించాలని ముఖం ఎదురుగా వేశాను. కొత్త కమ్మ కోసం చెవిని పక్క నుంచి వేశాను. మరి నడుము దాకా పెరిగిన జడ? అది వెనకాల కదా ఉండేది! అందుకని వీపును కూడా తెచ్చి ముఖం పక్కనే పెట్టాను. ఆ ఉపాయం నాకెలా తట్టిందో ఇప్పటికీ తెలియదు.

"గిట్ల ఉంటరానే మనుషులు?" అని అమ్మ నవ్వింది. కానీ కవర్లో పెట్టింది.

రెండేళ్లకు బాపు వచ్చాడు. బస్టాండులో నన్ను ఎత్తుకోలేదు. మడతల దగ్గర చిరిగిన ఆ కాగితం జేబులోంచి తీసి, నా చుట్టూ మెల్లగా తిరిగాడు.

"కమ్మ ఉన్నది. జడ ఉన్నది." నోరు తెరిపించి చూశాడు. "పన్నే, నాకన్న ముందుగాల అచ్చింది."