కుడిచేతికి పని లేని పాట

పాల్వంచ కాలనీలోని ఒక బడిలో నేను తాత్కాలికంగా పాటలు నేర్పే రోజులవి. భజనల్లో హార్మోనియం వాయించి పెరిగిన చేయి నాది. ఎనభైల్లో, థర్మల్ ప్రాజెక్టు పనికొచ్చిన విదేశీ ఇంజనీరు వెళ్తూ వెళ్తూ తన పియానోను బడికి వదిలిపోయాడు. దాన్ని వాయించగలిగితే ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. ఆ ఉద్యోగం కోసం నేనెంత ఆశపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కేరళ నుంచి వచ్చిన సిస్టరొకరు మా హెడ్మిస్ట్రెస్. నాకు పియానో ఆమే నేర్పారు. వార్షికోత్సవం దగ్గర పడ్డాక, పాతకాలపు పోలండు స్వరకర్త రాసినవి రెండు నా ముందు పెట్టారు. ఒకటి ఒక్క పేజీయే ఉన్న నెమ్మది పాట. రెండోది గిరగిరా తిరిగే వాల్ట్జ్, దొరల నాట్యపు పాట.

"ఈయన పాటలు మొదలుపెట్టాలంటే చిన్నదే మంచిది టీచర్" అన్నారు సిస్టర్.

చూశాను. కుడిచేయి ఒక స్వరం మీద కూర్చుంటుంది, పక్క స్వరానికి పోతుంది, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పనంతా ఎడమచేతిదే. హార్మోనియం వాళ్లకు ఎడమచేయి గాలి కొట్టడానికి. పాటంటే కుడిచేతిదే.

"దీన్ల పాటేడుంది సిస్టర్? గిది పిల్లలకిద్దాం" అన్నాను.

ఆమె వద్దంటున్నా వాల్ట్జే పట్టుకున్నాను. ఆ చిన్న పాట జోలికి మళ్లీ పోలేదు.

వార్షికోత్సవం సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన తండ్రులతో హాలు నిండింది. మొదట బాగానే నడిచింది. వేగం పెరిగేసరికి భయం పట్టుకుంది. భయంలో చేతులు పాత అలవాటుకే పోతాయి. నా ఎడమచేయి పియానో మెట్లు వదిలేసి పైకి లేచి, ఎదురుగా కాగితాలు పెట్టిన చెక్కను తొయ్యడం మొదలుపెట్టింది. హార్మోనియం తిత్తి అనుకుని! కాగితాలు జారి ఒళ్లో పడ్డాయి. శనివారం భజనలకు వచ్చేవాళ్లే అందరూ, ఇట్టే పోల్చుకున్నారు.

"గాలి కొట్టమ్మా, గాలి!" వెనక నుంచి ఎవరో అరిచారు.

హాలంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ముందు వరసలో ఉన్న బడి కరస్పాండెంట్ జాలిపడ్డారు. "పోనీ తియ్యమ్మా. చిన్నదేదన్న వాయించు."

చిన్నది నాకు రాదు. సిస్టర్ లేచి వచ్చి, ఆ ఒక్క పేజీ నా ముందు పెట్టి, బెంచీ మీద నా ఎడమపక్కన సర్దుకున్నారు. ఎడమచేతి పని ఆమె చేశారు. కుడిచేతి స్వరాలు నేను చూసుకుంటూ నొక్కాను. ఆమె వేళ్ల కింద స్వరాలు మెల్లగా దిగిపోతుంటే, కదలని నా ఒక్క స్వరమూ ఏడుస్తున్నట్టు వినబడింది. పాట ఎక్కడుందో అప్పుడు తెలిసింది. హాలు కిక్కురుమనలేదు. ఇందాకటి నవ్వుకంటే ఆ నిశ్శబ్దానికే ఎక్కువ సిగ్గుపడ్డాను.

చప్పట్లయ్యాక సిస్టర్ అందరి ముందే అడిగారు. "నేర్చుకుంటుంది సార్. ఉద్యోగం ఈమెకే ఇవ్వండి."

కరస్పాండెంట్ చెడ్డవారేం కాదు. నవ్వుతూనే అన్నారు. "ఇయ్యొచ్చు సిస్టర్. మరి ఎడమచేతికి ఇంకో టీచర్ని పెట్టాలె గదా!"

అందరికంటే ముందు నేనే నవ్వాను. నవ్వకపోతే అక్కడే ఏడ్చేసేదాన్ని.