నిరాపద బాబు వేగం వైఫై

టీలో బిస్కెట్టు ముంచుకోకముందే నిరాపద బాబు చేసే మొదటి పని వైఫై పెట్టెను తిట్టడం. కోతిటోపీ చెవుల మీదికి లాక్కుని, స్టూలెక్కి, దాని వైరు పీకి, ఉఫ్ఫుమని ఊది, మళ్లీ గుచ్చుతాడు. ఆ పెట్టెలోంచి రెండు వైఫైలొస్తాయి. ఒకటి నిదానంది, రెండోది పేరు చివర 5జీ అని ఉన్న వేగంది. ఆ వేగందేమో కలకత్తా పాతింటి మందపాటి గోడలు దాటి వరండాలోకి రాలేక చస్తుంది. ఈయనకు వరండాలో ఎండా కావాలి, ఆ వేగందే కావాలి! ఫోన్లో చదరంగం మధ్యలో తెగిపోతుంది, నిమిషంలో తిరిగి రాకపోతే ఓడినట్టే లెక్క. "నేను ఓడలేదురా, వైఫై ఓడించింది" అంటే, గరియాహాట్ ఫ్లైఓవర్ కింద బల్లలేసుకుని చదరంగం ఆడే స్నేహితులు ఊరుకుంటారా? "అయితే దాదా, రేపట్నుంచి మీ వైఫైనే పంపండి, దానితో ఆడతాం!" అంటూ వాళ్లలో హీరేన్ ఒకటే నవ్వు. ఆ హీరేన్‌తోనే ఆదివారం ఫోన్లో పందెం ఆట. గెలిస్తేనే మళ్లీ వాళ్లలో తలెత్తుకోవడం. మూడో ఎత్తుకే వైఫై పోయింది. "దరిద్రపుగొట్టు పెట్టె!" అని ఆయన గావుకేక పెడితే, భార్య మంజులిక వచ్చి ఫోన్ లాక్కుంది. "నా సీరియల్ ఒక్కరోజన్నా ఆగిందా? ఆ నిదానందే పెట్టుకోండి. కూర్చుని ఆడే ఆటకు పరుగెందుకట?" అని నిమిషం దాటకముందే తనే మార్చిచ్చింది. ఇక ఒక్కసారి తెగితే ఒట్టు! ఆట హాయిగా సాగింది, హీరేన్ మంత్రి వచ్చి ఈయన రాజు నెత్తిన కూర్చునేదాకా. ఎటు జరిపినా చావే. నిరాపద బాబు ఏ ఎత్తూ వేయకుండా ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాడు, ఇప్పుడన్నా వైఫై పోతుందేమోనని.