చింతమాను చరణం

మా పాట విని ఊరు కదిలిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. కదిలిన మాట నిజమే. ఎవరి మీదికి కదిలిందో మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పాల్సింది నేనే.

డెబ్బైల చివర్లో ఉరవకొండ పక్క మా పల్లెలో చెక్కభజన నేర్పేవాణ్ణి. కాళ్లకు గజ్జెలు, చేతుల్లో చెక్కలు, దళంలో పదహారు మంది. ఆ ఏడు వాన మొహం చాటేసింది. పడిన ఒకటి రెండు వానలూ చెరువుకు చేరలేదు. ఎట్లా చేరతాయి? నీళ్లు తెచ్చే వంకనే దున్ని చెనక్కాయ వేశాం కదా. కొండ కింద పెద్ద ఆసామి వంకకు అడ్డంగా కట్ట పోసి పదెకరాలు కలుపుకున్నాడు. ఇంకా కిందికొస్తే, చింతమాను దగ్గర మా చిన్నాయన కొడుకు వంక గట్టు దున్ని అరెకరం చేసుకున్నాడు. వాడికి అది తప్ప సెంటు భూమి లేదు. నా దళంలో ముందు వరుస ఆటగాడు వాడే.

చెరువు ఎండేసరికి ఊరి బావులూ ఎండాయి. ఆడవాళ్లు రెండు మైళ్లు బిందెలు మోస్తుంటే చూడలేక, ఒళ్లు మండి పాట కట్టాను. నేను అడగడం, దళం చెక్కలు కొడుతూ జవాబు చెప్పడం, అదీ మా పద్ధతి. మొదట కట్టిన చరణంలో కొండ కింది కట్టే ఉండింది. ఒట్టు. కానీ గజ్జెపూజ దగ్గర పడింది. నేర్చుకున్నవాళ్లు మొదటిసారి గజ్జె కట్టే రోజు అది. ఆ గజ్జెలు కొనిచ్చింది ఆసామి. ఆడాల్సింది ఆయన వాకిట్లో. ఆయన గజ్జెలు కట్టుకుని ఆయన్నే తిట్టడానికి నాకు నోరు పెగల్లేదు. కట్టను తీసేశాను. ప్రశ్న మిగిలింది, జవాబు లేదు. నా బుద్ధి గడ్డి తిని ఆ ఖాళీలో చింతమానును పెట్టాను.

“వంకను మింగినదెవరప్పా?”

“చింతమాను కింది చేనప్పా!”

నేర్పేటప్పుడు మా చిన్నాయన కొడుకు చెక్కలు ఆపేశాడు. “అన్నా, అది నా చేనే కదా?”

“పాట కోసంలేప్పా. ఎవురు పట్టించుకుంటారు?” అన్నాను.

“నువ్వు చెప్తాండావు కాబట్టి సరే,” అని మళ్లీ చెక్కలు అందుకున్నాడు. గురువుకు ఎదురు చెప్పే అలవాటు మాలో లేదు.

గజ్జెపూజ సాయంత్రం ఊరంతా వచ్చింది. నేను అడిగాను, వాళ్లు చెప్పారు. అందరికంటే గట్టిగా వాడి గొంతే వినపడింది. జనం ఈలలు వేశారు. ఆసామి లేచి నాకు శాలువా కప్పి, “ఇట్ల చెప్పల్లప్పా, అప్పుడే మన జనానికి బుద్ధొస్తాది,” అన్నాడు. సిగ్గులేకుండా దండం పెట్టాను.

తెల్లారేసరికి ముప్పై మంది పారలు పట్టుకుని, నా పాటే పాడుకుంటూ వంకలో దిగారు. చింతమాను దగ్గర పూతకొచ్చిన చెనక్కాయ చెట్లన్నీ పీకేసి, మధ్యాహ్నానికల్లా వంకను తవ్వి తేల్చారు. కొండ వైపు ఒక్కడూ పోలేదు. పాటలో లేదు కదా. పైకి కూడా పోదాం పదండని ఒక్క మాట నేననుంటే పోయేవాళ్లు. అనలేదు.

మా చిన్నాయన కొడుకు గట్టు మీద కూర్చుని చూశాడు. వాడి భార్య నా ఎదుటికొచ్చింది. “మా నోట్లో మన్ను కొట్టినావు గదా బావా,” అంది.

నెల తర్వాత మంచి వాన పడింది. కొండ నీళ్లన్నీ ఆసామి కట్ట దగ్గరే ఆగిపోయాయి. చెరువులో గొర్రెలు తాగడానికి కూడా లేవు. ఆడవాళ్లు మళ్లీ బిందెలెత్తారు.

అయినా పాటకు పేరొచ్చింది. చెరువుల ఆఫీసరు ఒకాయన జీపు పంపి కళ్యాణదుర్గం దాకా ఊరూరా ఆడించాడు. చేను పోయినవాడు కూడా మాతో వచ్చేవాడు, ఆడినచోట ఇంత అన్నం పెడతారని. ఒకరోజు గజ్జెలు కట్టుకోకుండా చేతిలోనే పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

“ఇప్పుడన్నా ఆ పై కట్టను పాడదామన్నా. నాకు పోయేది ఏమీ లేదు. నీకేముండాది?”

“చూద్దాంలేప్పా,” అన్నాను.

గజ్జెలు నా ముందు పెట్టి లేచిపోయాడు. వారం తిరక్కుండా పెళ్లాన్ని తీసుకుని బళ్లారి వైపు కూలికి పోయాడు. వాడు గజ్జెలు పెట్టి పోయిన సాయంత్రమే వాడి చోట ఇంకొకణ్ణి నిలబెట్టి, అదే పాట ఆడించాను.