సెల్మా పోసిన సీసం

కోల్డ్ క్రీక్ రైఫిల్ క్లబ్బు పోటీల్లో మగవాళ్లు కాల్చేవాళ్లు, ఆడవాళ్లు ఆపిల్ పై అనే తీపి వంటకం కోసి పెట్టేవాళ్లు. సభ్యుల భార్యలు అతిథులే తప్ప పోటీదారులు కారని మా నిబంధన. ఆర్విడ్ హాగెన్ గెలిచిన కప్పులన్నీ అతని భార్య సెల్మా పోసిన బుల్లెట్లతో గెలిచినవేనని లోయంతటికీ తెలుసు. అయినా పోటీ రోజున ఆమె చేతికి రైఫిల్ ఇచ్చిన మగాడు లేడు. ఆమె ఆపిల్ పై కోసే బల్ల దగ్గరే ఉండేది. మేమూ పట్టించుకోలేదు.

ఆ రోజుల్లో ఆదివారం చర్చి అయ్యాక సెల్మా కొట్టం తలుపులు బార్లా తెరిచి, టైర్ల షాపు నుంచి తెచ్చిన, చక్రాల తూకానికి బిగించే పాత సీసం ముక్కలు కరిగించేది. పైన తేలిన తెట్టు తీసేసి, అచ్చులో పోసి, కొయ్యతో తట్టేది. వెండిలా మెరుస్తూ బుల్లెట్లు పాత తువ్వాలు మీద దొర్లేవి. ముడత పడ్డది మళ్లీ మూకుట్లోకే. బుల్లెట్లకి పూసే తేనెమైనం వాసన రోడ్డు దాకా వచ్చేది. ఇప్పుడు డబ్బాల్లో కొనుక్కునే తూటాలకి ఆ వాసనేదీ?

ఒక వేసవిలో క్లబ్బు కార్యదర్శి లైల్ నోరు పారేసుకున్నాడు.

"ఒరేయ్ ఆర్విడ్, మీ ఆవిడ బుల్లెట్ బయల్దేరి గురి చేరేలోగా నేను వెళ్లి బీరు తాగి రావచ్చురా!"

ఆర్విడ్ ఉడుక్కుంటూ ఇంటికొచ్చాడు. "తూటాల్లో తుపాకి మందు కాస్త పెంచు సెల్మా. వాడి నోరు మూయించాలి."

"వాడి నోటి సంగతేమో గానీ నీ గురి పోతుంది. మెత్తటి సీసమయ్యా ఇది. మరీ తరిమితే గొట్టం లోపల చెక్కిన మెలికల్ని పట్టుకోలేక జారిపోతుంది, గీరుకుపోయి గొట్టానికి అంటుకుంటుంది."

అయినా ప్రయత్నించింది. అచ్చులోంచి వేడివేడిగా నీళ్ల బకెట్లో పడేసి సీసాన్ని గట్టిపరిచింది. కొంచెం కొంచెంగా మందు పెంచుతూ పచ్చిక బయల్లో కాల్చి చూసింది. ఒక మేర వరకూ గురి కాగితం మీద రంధ్రాలు దగ్గరగానే పడ్డాయి. అది దాటగానే కుక్క తరిమిన కోళ్లలా చెల్లాచెదురయ్యాయి. ఆమె మందు ఒక మెట్టు తగ్గించి ఆగింది.

"చాలు. దీని నడక ఇంతే."

ఆర్విడ్ తలూపాడు. కానీ ఆమె చెల్లెలింటికి వెళ్లినప్పుడు, తూటాలు కూర్చే పుస్తకం ఒప్పుకునే హద్దులోపే లెండి, మందు పెంచి వేరే తూటాలు కూర్చుకున్నాడు.

పోటీలో మొదటి విడతకే పరువు పోయింది. ఒక్క గుండూ నడిమికి దగ్గర పడలేదు. "మోత మాత్రం బ్రహ్మాండంగా ఉందిరా!" అన్నాడు లైల్.

ఆర్విడ్ తిన్నగా ఆపిల్ పై కోస్తున్న సెల్మా దగ్గరికి వెళ్లాడు. "నీకు చెప్పకుండా మందు పెంచాను."

"మోత విన్నప్పుడే తెలిసింది."

"గొట్టం శుభ్రం చేసిస్తా. నువ్వు కూర్చిన తూటాలు కార్లో ఉన్నాయి. రెండో విడత నువ్వు కాలుస్తావా?"

సెల్మా కత్తి తుడిచి పక్కన పెట్టింది. తర్వాత ఆప్రాన్ ముడి విప్పింది. "ఎన్నాళ్లకి అడిగావయ్యా!"

లైల్ అడ్డొచ్చాడు. "వదినా, నిబంధన తెలుసుగా."

"అయితే నా పేరు కూడా కొట్టేయ్," అన్నాడు ఆర్విడ్.

లైల్ టోపీ సర్దుకున్నాడు. "సరే, అతిథిగా కాల్చనీ. లెక్కలోకి మాత్రం రాదు."

"నా బుల్లెట్‌కి ఆ సంగతి తెలీదులే లైల్. పక్కకి జరుగు."

ఐదు గుండ్లూ కాఫీ కప్పు మూతికి సరిపోయేంత చోట దిగాయి. లైలే నడిచి వెళ్లి ఆ కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అంతకన్నా అధ్వానంగా కాల్చినవాడు కప్పు పట్టుకుపోయాడు. తిరుగు దారిలో సెల్మా కారు నడిపింది. కాగితాన్ని ఆర్విడ్ ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. నిబంధన ఇంకా ఉంది. ఎవరూ పాటించడం లేదుగా అంటారు. పాటించనిది రాసి ఉంచడమెందుకు? వసంతంలో సభ్యుల సమావేశం ఉంది. మీరు సభ్యులైతే రండి, చెయ్యెత్తి దాన్ని కొట్టేయించండి. కాకపోతే, మీ ఊళ్లో ఏ ఆడమనిషి పనితనంతో ఏ మగవాడు గెలుస్తున్నాడో చూడండి. ఆమెను బరిలోకి పిలవండి. ఆమె గెలుపు ఆమె లెక్కలోనే రాయించండి.