రాయి పెట్టినవాళ్ళదే జాగా

చిట్టీ, దవాఖానలో డాక్టరు బయటికొచ్చి "పాప లేదమ్మా" అన్నప్పుడు నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. గుండీలు తెగిపోయాయి. నన్ను విడదీయడానికి ఇద్దరు నర్సులు పట్టారు. నా చేతులు ఎప్పుడూ అంతే, మాట కంటే ముందు లేస్తాయి. ఆ చేతుల వల్లే నువ్వు పోయావు.

చదివేవాళ్ళకు చెబుతున్నాను. నేను నాలుగో తరగతి దాకా చదివాను, తప్పులుంటే మన్నించండి. పోయింది నా బిడ్డ. ఇరవై మూడేళ్ళు. మాది కొడకండ్ల. పెద్దవంగర వారపు అంగడిలో ఇద్దరం మిర్చి బజ్జీలు వేసేవాళ్ళం. అక్కడే మిర్చీలు వేసే ఇంకో మనిషి రాయితో కొట్టి చంపాడని అందరికీ తెలుసు. ఆ కొట్లాట మొదలుపెట్టింది ఎవరన్నది మాత్రం నేను పోలీసు స్టేషన్లో అబద్ధం చెప్పాను. అది ఒప్పుకోకుండా నా బిడ్డను తలుచుకునే హక్కు నాకు లేదు.

భూపాలపల్లి గనిలో పనిచేసే మా తమ్ముడు తన పాత టీవీ మాకిచ్చాడు. అందులో బిడ్డ వదలకుండా చూసింది ఒక్కటే, పేరున్నవాళ్ళు వ్యాపారం చేసే పోటీ. సినిమావాళ్ళు, ఆటగాళ్ళు, పాటలు పాడేవాళ్ళు రెండు జట్లవుతారు. ఒక వారం రోడ్డు మీద చాయ్ అమ్మాలి, ఇంకో వారం చీరలు. ఓడిన జట్టును పెద్ద షావుకారి పొడుగు బల్ల ముందు కూర్చోబెట్టి, ఒకరిని ఇంటికి పంపిస్తాడు.

మొదటి ఏడాది ఒక హీరోయిన్ చాయ్ వంపబోయి చేయి కాల్చుకుంది. అయినా అరవకుండా, పొగలు కక్కే గ్లాసు చూపించే అమ్మింది. బిడ్డ అది పట్టేసింది. బస్సు దిగిన మనిషిని అరిచి పిలిచేది కాదు, కాగే నూనెలో ఒక్క మిర్చి జారవిడిచేది. "మనం ఒర్రుడెందుకు అవ్వా? నూనె ఒర్రుతది," అనేది.

రెండో ఏడాది ఒక గాయకుడు గ్లాసు విసిరితే పక్కవాడి నుదురు పగిలింది. మా వాడకట్టంతా అదే ముచ్చట. మూడో ఏడాది షావుకారిని తీసేసి ఒక హీరోను కూర్చోబెట్టారు. ఇక వచ్చినవాళ్ళంతా కొట్టుకోవడానికే వచ్చారు. జుట్లు గుంజుకున్నారు, కుర్చీలు విరిచారు. ఆ తర్వాత పోటీ ఆగిపోయింది. "మొదలు అమ్మిండ్రు, తర్వాత కొట్టుకున్నరు, ఆఖరికి దుకాణం బంద్ చేసిండ్రు," అని బిడ్డ ఒక్క మాటలో తేల్చేసింది.

నాకేమో ఆ కొట్టుకున్న ఏడాదే నచ్చింది. "గుంజవే, ఇంకా గుంజు!" అని టీవీ ముందు అరిచేదాన్ని.

"నిన్ను తోలాలె అవ్వా ఆడికి. అందరు పారిపోతరు, నువ్వే గెలుస్తవు," అని నవ్వేది.

మా అంగడిలో ఒక పద్ధతి ఉంది. ముందురోజే వచ్చి ఎవరి జాగాలో వాళ్ళు రాయి పెట్టి, దానికి తమ గుర్తుగా గుడ్డపేలిక కట్టి పోతారు. మనిషి ఎంత ఆలస్యంగా వచ్చినా జాగా ఆ మనిషిదే. ఆ రాయిని ఎవరూ ముట్టరు.

ఆ కొట్లాట రోజు బస్సులు ఆగేచోట ఆ ఇంకో మిర్చీల మనిషి రాయి ఉంది, అతను లేడు. జనం దిగుతున్నారు. నేను రాయిని కాలితో మురికి మోరీలోకి తన్ని, మా పొయ్యి పెట్టాను.

"తప్పవ్వా, తీసి పెట్టు," అంది బిడ్డ.

"టీవీల ఎవ్వలన్న రాయి పెట్టిండ్రానే? ముందుగాల పోయినోళ్ళే అమ్ముకున్నరు."

"గది టీవీ. గిది అంగడి."

ఇంతలో అతను రానే వచ్చాడు. మోరీలో చేయి పెట్టి రాయి తీసుకున్నాడు. "అక్కా, నా జాగ ఇడువు. పోరికి జరమొస్తే దవాఖానకు పోయొచ్చిన," అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

"నీ జాగనా? భూమ్మీద నీ పేరున్నదా?"

"సిగ్గనిపిస్తలేదా అక్కా?"

చెంప మీద కొట్టాను. ఇంకోటి కొట్టాను. అతని చేతిలో రాయి లేచింది. బిడ్డ మధ్యలో దూరింది. రాయి నా బిడ్డ కణత మీద పడింది. బిడ్డ పడుతూ పడుతూ కడాయికి తగిలింది, నూనె భుజం మీద ఒలికింది. అయినా నోరు తెరవలేదు. జనం అతన్ని పళ్ళు రాలేదాకా కొట్టారు. నేనూ తన్నాను. మూడో రోజు బిడ్డ పోయింది.

"జాగా మాదే, వాడే మీదికొచ్చాడు," అని అప్పుడు స్టేషన్లో రాయించాను. పోయిన వారం మళ్ళీ పోయాను.

"ఇప్పుడెందుకమ్మా? నీ కేసే పల్చబడ్తది," అన్నాడు రాసుకునే పోలీసాయన.

"పడనీ సారూ. జాగ ఆయనది. మొదటి దెబ్బ నాది."

అతన్ని నేను క్షమించలేదు. చంపినందుకు శిక్ష పడాల్సిందే. కానీ నా అబద్ధానికి కూడా అతనే శిక్ష మొయ్యకూడదు.

అక్కడి నుంచి అంగడికి పోయాను. అదే జాగాలో అతని భార్య ఒక్కతే మిర్చీలు వేస్తోంది. నన్ను చూసి జాలిగంటె ఎత్తి పట్టుకుంది. "ఏంది వదినా, నన్ను గూడ కొడ్తవా?"

"లేదు. జాగ మీదేనని రాయించొచ్చిన."

ఆమె జాలిగంటె దించింది. కాగితం చింపి, నాలుగు మిర్చీలు చుట్టి, నా మొహం చూడకుండా చేయి చాపింది. తీసుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను. నూనె కాగితం దాటి అరచేతిని కాల్చింది. విడవలేదు. ఒకటి నోటిదాకా తెచ్చి మళ్ళీ దించాను. బస్సులు వచ్చి పోయాయి, మిర్చీలు చల్లారిపోయాయి, అలాగే పట్టుకుని ఉన్నాను.

చదివినవాళ్ళారా, మీరు మాత్రం మిర్చీలు వేడి మీదున్నప్పుడే కడుపు నిండా తినండి.